జయరాములు కాలి మీద ఊదా గీత

గుడియాత్తంలో కైలీ లుంగీలు నేసేవాళ్ళందరిలోకీ పిరికివాడు తన మొగుడేనని పచ్చయమ్మ అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేది. ఆ మాట కాదనడానికి వీధిలో ఎవరికీ ఆధారం దొరకలేదు. జయరాములుకు అప్పుడు ముప్పై నాలుగేళ్ళు. కోతి కనబడితే తలుపు వేసుకునేవాడు. టీకాలు వేసే ఉద్యోగి ఊళ్ళోకి వచ్చాడంటే అటక ఎక్కి, నూలు చిలపల వెనక దాక్కుని, ఆయన తిరుగు రైలెక్కాడని రూఢిగా తెలిసేదాకా దిగేవాడు కాదు. క్షవరం చేయించుకునేటప్పుడు కత్తి చెవి దగ్గరికి రాగానే మంగలి చెయ్యి పట్టుకుని, కాసేపు ఆగమని, ఊళ్ళో సంగతులు అడిగేవాడు.

మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్నాక మాత్రం అతను వేరే మనిషి. రంగూన్ పోయే గళ్ళ కైలీలు నేసేవాడు. ఎరుపు ఆరు పోగులు, నలుపు రెండు, తెలుపు ఒకటి, మళ్ళీ నలుపు రెండు. ఈ లెక్క నోటితో చెప్పుకునేవాడు కాదు, కంటితో చూసేవాడూ కాదు. పక్కింటివాళ్ళతో మాట్లాడుతూ, వీధిలో పోయే మేకల్ని అదిలిస్తూ నేసినా గడి తప్పేది కాదు. ఏ నమూనా అయినా రెండుసార్లు చూస్తే మూడోసారికి అతని ఒంట్లోకి ఎక్కేది. ఆ విద్యతోనే అతను పెళ్ళాం బిడ్డల్ని పోషించాడు. ఆ విద్యతోనే ఒకసారి ఇంకొక మనిషిని దాదాపు చంపినంత పని చేశాడు.

1922లో, అరవవాళ్ళ ఆడి నెల చివర, వానలు దిగకముందే ఇంటి పెంకులు సర్దమని పచ్చయమ్మ మూడు వారాలు పోరితే నాలుగో వారం జయరాములు నిచ్చెన ఎక్కాడు. మొదటి పెంకు ఎత్తగానే కింద నుంచి ఏదో దూకి అతని మణికట్టు మీదుగా పోయింది. జయరాములు వెల్లకిలా వచ్చి పడ్డాడు. నడుము రోటి అంచుకు తగిలింది. పాము అని వీధంతటికీ చెప్పాడు. ఉడుత అని పచ్చయమ్మకు తెలుసు, నిచ్చెన పట్టుకున్నది ఆమే. అయినా ఆ పూట ఆమె నోరెత్తలేదు.

"లెయ్యి" అంది.

"లేస్తా ఉండా కదా" అన్నాడు.

నిజంగానే అతను లేస్తున్నాననుకుంటున్నాడు. కాళ్ళు మాత్రం పడ్డ చోటే పడి ఉన్నాయి, ఎవరో మరిచిపోయి వదిలేసి పోయినట్టు. జయరాములు తల ఎత్తి వాటిని చూసుకున్నాడు. ఒక చీమ బొటనవేలు ఎక్కుతోంది. అది ఎక్కడం కనబడుతోంది, తెలియడం లేదు. అప్పుడు వేసిన కేకకు అవతలి వీధివాళ్ళు కూడా వచ్చారు.

తలుపు రెక్క ఊడదీసి, దాని మీద పడుకోబెట్టి, స్టేషనుకు బండిలో తీసుకుపోయి, రైల్లో సామాన్ల పెట్టెలో ఎక్కించారు. కాట్పాడిలో దించి మళ్ళీ బండి కట్టారు. పాలారు వంతెన మీద కుదుపుకొకసారి జయరాములు తన కాళ్ళు తలుపు మీదే ఉన్నాయో జారిపోయాయో చూడమని భార్యను అడిగేవాడు. ఉన్నాయని ఆమె చెప్పేది. మళ్ళీ అడిగేవాడు.

వేలూరులో అతన్ని చేర్చిన ఆసుపత్రిలో చంద్రశేఖరం అనే డాక్టరు ఉండేవాడు. అరక్కోణంలో కొట్టు నడుపుకునే ఇంటి బిడ్డ. మద్రాసులో చదివి, యుద్ధకాలంలో బస్రా పోయి, మూడేళ్ళు సిపాయిల గాయాలకు కట్లు కట్టి వచ్చాడు. వెన్నులో గుండు దిగిన కుర్రవాళ్ళు ముఖంలో కళ తగ్గకుండానే నడుము కింద చచ్చి, నాలుగైదు నెలలకు మిగతా సగం కూడా చచ్చిపోవడం అక్కడ చూశాడు. చేతిలో తెగిన నరం మెల్లగా పెరిగి మళ్ళీ వేళ్ళ దాకా వస్తుంది కదా, వెన్నులో తెగిన నరానికి ఆ బుద్ధి ఎందుకు పుట్టదు? ఈ ప్రశ్న పట్టుకుని ఆయన పెళ్ళి కూడా మరిచిపోయాడని చుట్టాలు బాధపడేవారు. ఆసుపత్రి వెనక రేకుల కొట్టంలో కుండల నిండా కప్పల్ని పెంచేవాడు.

ఆ కప్పల సంగతి వార్డు ఊడ్చే మారి చెప్పింది. డాక్టరయ్య వాటి వీపు కోసి, లోపలి నరం తెంచి, కుట్టి, నీళ్ళలో వదులుతాడట. రోజూ పొద్దున పోయి వాటి కాళ్ళు సూదితో గుచ్చి, ముడుచుకుంటాయా లేదా అని పుస్తకంలో రాసుకుంటాడట. మారి ఈ మాట చెప్పి చీపురు దులుపుకుని పోయింది. మరునాడు పొద్దున డాక్టరు చంద్రశేఖరం ఒక చేత్తో పుస్తకం, ఒక చేత్తో సూది పట్టుకుని జయరాములు కాళ్ళ దగ్గరికి వచ్చాడు.

పరీక్ష ఎట్లా ఉంటుందో ఆయన ఎంతో ఓపికగా చెప్పాడు. రోగి కళ్ళకు గుడ్డ కడతారు. కాలి మీద సూదితో గుచ్చినట్టు తెలిస్తే 'సూది' అనాలి. మెత్తగా తెలిస్తే 'దూది' అనాలి. ఏమీ తెలియకపోతే ఊరుకోవాలి. మధ్యమధ్య తాకకుండా ఊరికే ఆగడం కూడా ఉంటుంది, అబద్ధం చెప్పేవాళ్ళు అక్కడ దొరికిపోతారు. పరీక్ష అయ్యాక తొడ మీద స్పర్శ ఎక్కడ ఆగిందో అక్కడ ఊదారంగు పెన్సిలు తడిపి ఒక గీత గీస్తారు. మొదటి రోజు రెండు తొడల మీదా సగం పైననే గీతలు పడ్డాయి. వాటి కింద ఉన్న కాళ్ళు ఊరికే ఉన్న కాళ్ళు.

"నీ దెబ్బ వెన్ను నరం కొస దగ్గర తగిలింది" అన్నాడు డాక్టరు. "ఆడ నుంచి ఆ నరం పడుగు పోగుల మాదిరి విడిపోతుంది. పెద్ద నరం తెగితే మళ్ళీ అతకదు. పోగులు నలిగి ఉంటే వాటంతటవే పెరుగుతాయి, నెలకు అంగుళం. నీకు ఏది పోయిందో నాకింకా తెలవదు. పదైదు దినాలు చూస్తా. ఈ గీత కిందికి దిగితే మంచిది. దిగకుంటే వీపు తెరిచి, లోపల ఎముక ముక్క ఏదన్నా ఒత్తుతా ఉండాదేమో చూడాల."

ఇందులో జయరాములు చెవిన పడింది ఒకే ఒక ముక్క. వీపు తెరిచి. మిగతాది తర్వాత పచ్చయమ్మ చెబితే తెలిసింది. ఆ పగలంతా అతనికి వెనక కొట్టంలో కప్పల అరుపులు తప్ప ఇంకేమీ వినబడలేదు. ఒంటేలు రాకపోతే రబ్బరు గొట్టం పెట్టడానికి నర్సు పంకజమ్మ వచ్చినప్పుడు, వీపు కోయడానికే వచ్చిందనుకుని ఆమె చెయ్యి కరవబోయాడు. ఆమె నవ్వి, ఇంతకుముందు ఇద్దరు నిజంగానే కరిచారని చెప్పి పని కానిచ్చింది. జయరాములు సిగ్గుతో రెండు రోజులు ఆమె ముఖం చూడలేదు.

పక్క మంచం మీద మునియప్పన్ ఉండేవాడు. కే.వి.కుప్పం వైపు తాటిచెట్లు ఎక్కే మనిషి. నాలుగు నెలల కింద చెట్టు నుంచి పడ్డాడు. నడుము దాకా రాతి విగ్రహంలాంటి ఒళ్ళు, కింద ఎండుకట్టెల్లాంటి కాళ్ళు. అరవం సగం తెలుగు సగం కలిపి, ఎవరొచ్చినా ఎగతాళి చేసేవాడు. జయరాములు ఎంత ఎత్తు నుంచి పడ్డాడని మొదటి రోజే అడిగాడు. పది అడుగులని తెలిసి చాలా బాధపడ్డాడు.

"పదడుగులా? నేను అరవై అడుగులప్పా. ఇద్దరికీ ఒకే మంచమా? ఇదేం న్యాయం?"

డాక్టరు రోజూ మొదట మునియప్పన్‌ను పరీక్షించి తర్వాత జయరాములు దగ్గరికి వచ్చేవాడు. జయరాములు పక్కన పడుకుని చూసేవాడు. రెండు రోజులు చూశాడు. మూడో రోజుకు ఆ వరస అతని ఒంట్లోకి ఎక్కింది. కుడికాలు మూడు సూదులు, ఒక దూది, ఒకటి ఊరికే. ఎడమకాలు రెండు సూదులు, ఒకటి ఊరికే, రెండు దూదులు. మొత్తం పది. అది అయ్యాక ఆయన పుస్తకంలో గీకి, గొంతు సవరించుకుని, మళ్ళీ అదే పది ఇంకొంచెం పైన మొదలుపెడతాడు. సూది తీసేటప్పుడు పళ్ళెంలో చిన్న చప్పుడు అవుతుంది. తాకకుండా ఆగినప్పుడు డాక్టరు తనకు తెలియకుండానే ఊపిరి బిగబడతాడు. ఎంతో చదువుకున్న మనిషి, రోగులు అబద్ధం చెప్పకుండా ఉండాలని ఎంతో ఆలోచించి ఆ వరస తయారు చేసుకున్నాడు. ఒకసారి తయారయ్యాక మాత్రం దాన్ని ఒక్కనాడూ మార్చలేదు. రంగూన్ కైలీ గడి దాని కంటే చిక్కుగా ఉంటుంది.

నాలుగో రోజు కళ్ళకు గుడ్డ కట్టాక, ముందు రోజు గీత కింద, ఏమీ తెలియని చోట, జయరాములు నోరు "సూది" అంది.

తనే అన్నాడని అతనికి ఒక క్షణం తరువాత గాని తెలియలేదు.  డాక్టరు పెన్సిలు గీకింది. తర్వాతి చోట మళ్ళీ "సూది" అన్నాడు. తర్వాత "దూది". ఊరికే ఆగిన చోట ఊరుకున్నాడు. గీత ఆ రోజు రెండు అంగుళాలు దిగింది.

అతను ఆషామాషీగా చేయలేదు. మంచి నేతగాడు కదా. ఒకేసారి పాదం దాకా పోలేదు. రోజుకు కొంచెం కొంచెం దించాడు. అక్కడక్కడ సూదిని దూది అన్నాడు, ఒకటి రెండు కావాలని తప్పాడు. పదమూడో రోజుకు రెండు మోకాళ్ళూ దాటాడు. పదిహేనో రోజు కుడి పాదంలో సూది దిగిందని చెబితే డాక్టరు చేతిలోని పళ్ళెం కిందపడింది. ఇక ఆపరేషన్ లేదన్నాడు. ఆ మాట వినడానికే జయరాములు బతికి ఉన్నాడు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

పదహారో రోజు నుంచి అసలు భయం మొదలైంది.

నెలకు అంగుళం పెరగవలసిన నరం పన్నెండు రోజుల్లో కాలంతా పాకింది. ఇట్లాంటిది ఏ దేశంలోనూ ఎవరూ చూడలేదని డాక్టరు పంకజమ్మతో అనడం జయరాములు విన్నాడు. తోకకప్పగా ఉన్నప్పుడు వెన్ను నరం తెంచితే మళ్ళీ అతుక్కుంటుందట, పెద్ద కప్ప అయ్యాక అతుక్కోదట. మనిషిలో కూడా ఆ చిన్నప్పటి శక్తి ఎక్కడో నిద్రపోతూ ఉండాలని ఆయన ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాడట. జయరాములు కాళ్ళకు మొదటి వారం నుంచి ఒక్కొక్క ఇసుక సంచి కట్టి, మంచం చివర కప్పీ మీదుగా వేలాడదీశారు, వెన్ను ఎముకలు సర్దుకోవడానికి. ఆ లాగుడే నరాన్ని మేల్కొలిపి ఉంటుందని డాక్టరు తేల్చుకున్నాడు. మద్రాసు పెద్దలకు పంపడానికి పన్నెండు పేజీలు రాశాడు. అన్నం తినేటప్పుడు కూడా ఆ కాగితాలు పక్కన ఉండేవి. ఆ ముఖంలోని సంతోషం చూస్తే జయరాములుకు వీపు జలదరించేది.

సంచులు మునియప్పన్‌కు కూడా కట్టారు. పాత దెబ్బ కాబట్టి బరువు ఎక్కువ ఉండాలని ఒక్కొక్క కాలికి మూడేసి. మునియప్పన్ చెట్టు నుంచి పడ్డాక అంత ఉత్సాహంగా ఎప్పుడూ లేడు. కార్తిగ నెలకు చెట్టెక్కుతానని కే.వి.కుప్పానికి కబురు పంపాడు. రోజూ జయరాములును పిలిచి, మొదట ఎట్లా తెలిసింది, జిలలాగానా, మంటలాగానా, ఏ వేలు ముందు అని అడిగేవాడు. జయరాములు ఏదో ఒకటి చెప్పేవాడు. చెప్పినదాన్ని మునియప్పన్ కళ్ళు మూసుకుని తన కాళ్ళలో వెతుక్కునేవాడు.

"నాకు నొప్పే లేదు, ఇంకొక సంచి కట్టండమ్మా" అని పంకజమ్మను బతిమాలేవాడు. నాలుగోది కట్టారు.

వారం గడిచాక పంకజమ్మ కాలి కట్లు మార్చడానికి వచ్చింది. గుడ్డ విప్పుతూ విప్పుతూ ఆగిపోయింది. మునియప్పన్ పైకప్పు చూస్తూ పాట పాడుకుంటున్నాడు. జయరాములు పక్క నుంచి చూశాడు. మడమ దగ్గర తోలు గుడ్డకు అంటుకుని గుడ్డతో పాటు వచ్చింది. లోపల తెల్లగా ఏదో కనబడింది. ఆ మనిషి పాట ఆపలేదు.

మరునాటికి మునియప్పన్‌కు జ్వరం వచ్చింది. కొత్త నరం పుట్టేటప్పుడు వేడి చేయడం సహజమేమోనని డాక్టరు అనుమానంగా అన్నాడు.  జయరాములు నోరు విప్పితే అతని వీపు తెరుస్తారు. విప్పకపోతే పక్క మంచం మీది మనిషి పోతాడు. ఎటు తిరిగి పడుకున్నా ఆ రెండే కనబడ్డాయి. నిజానికి అతను ఎటూ తిరగలేడు కూడా, కాళ్ళకు సంచులున్నాయి.

పచ్చయమ్మ రెండు రోజులకొకసారి గుడియాత్తం నుంచి వచ్చేది. ఆ రోజు వచ్చి, మొగుడి కాలిగోళ్ళు పెరిగాయని కత్తి తీసుకుని కూర్చుంది. జయరాములు పైకి చూస్తూ, నేత పని ఎంతవరకు వచ్చింది, మగ్గం మీద ఎవరు కూర్చున్నారు అని అడుగుతున్నాడు.  తల వంచి చూస్తే, ఆమె అతని కాలివేలికి గుడ్డ చుడుతోంది. గుడ్డ ఎర్రగా ఉంది.

"ఏందది?"

"నీ నెత్తురు. గోరుతో పాటు వేలు కూడా తెగినాది." ఆమె తల ఎత్తింది. "డాక్టరు సూదితో తాకితే తెలుస్తాది. నేను కత్తితో కోస్తే తెలవలేదా?"

జయరాములు గోడ వైపు చూశాడు. గోడ ఏమీ సాయం చేయలేదు. ఇరవై ఏళ్ళ కాపురం, ఆమెకు ఇంకేమీ చెప్పనక్కరలేదు. ఆమె గొంతు తగ్గించింది.

"ఎన్నాళ్ళుగా?"

"నాలుగో దినం నుంచి."

"ఆ మనిషి మడమ చూస్తివా?"

"చూసినా."

"చూసినాక నీకు కూడెట్ల దిగుతా ఉండాది?"

"దిగలా. కుక్కకేసినా."

"ఉడుతకు భయపడి కాళ్ళు పోగొట్టుకుంటివి, అది నీ కాళ్ళు, పో. ఆయన కాళ్ళు నీవి కావు." పచ్చయమ్మ గుడ్డకు ముడి వేసి పళ్ళతో బిగించింది. "రేపు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నన్ను కోస్తారే."

"కోస్తే నేను ఈడనే కూర్చోనుంటా."

అంతకంటే మెత్తని మాట ఆమె నుంచి రాదని అతనికి తెలుసు. అయినా పొద్దుటి దాకా, డాక్టరుకు ఒంట్లో బాగాలేక రాకుండా పోవాలని ఊరి గంగమ్మకు మొక్కుకున్నాడు. డాక్టరు ఎప్పటికంటే ముందే వచ్చాడు. చేతిలో ఆ పన్నెండు పేజీలు కూడా ఉన్నాయి, పరీక్ష అయ్యాక తపాలాకు పోవాలి. మునియప్పన్ జ్వరంలో మూలుగుతున్నాడు కాబట్టి నేరుగా జయరాములు దగ్గరికి వచ్చి కళ్ళకు గుడ్డ కట్టాడు.

పళ్ళెం చప్పుడైంది. జయరాములు ఊరుకున్నాడు. ఇంకొకసారి అయింది. ఊరుకున్నాడు. పది అయ్యాయి. డాక్టరు గొంతు సవరించుకున్నాడు.

"నిద్ర పోతా ఉండావా, నాయనా?"

"లేదయ్యా. నాకేమీ తెలవలేదు."

"నిన్న తెలిసినాది కదా?"

"నిన్న కూడా తెలవలేదయ్యా." గుడ్డ కట్టి ఉండటం మంచిదైంది, ఆయన ముఖం కనబడదు. "మీరు గడి వేసినట్టు గుచ్చుతారు. కుడి మూడు సూది, ఒక దూది, ఒకటి ఊరికే. ఎడమ రెండు సూది, ఒకటి ఊరికే, రెండు దూది. మళ్ళీ మొదటి నుంచి. మునియప్పన్ కాళ్ళ మీద చూసి నేర్చుకుంటి. వీపు కోస్తారని భయపడి చెప్పినా. ఆయన కాళ్ళకు ఆ సంచులు తీసేయండయ్యా. నాకు వాటి వల్ల ఏమీ రాలేదు."

 జయరాములుకు తన పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు వినబడింది. తర్వాత కుర్చీ లాగిన చప్పుడు. ఆపైన కాగితాల చప్పుడు, చించినట్టు కాదు, మెల్లగా ఒక్కొక్కటే తిప్పినట్టు. చివరికి డాక్టరు పంకజమ్మను పిలిచి మునియప్పన్ సంచులు విప్పమన్నాడు. ఆయన గొంతు వేరే ఎవరిదో గొంతులాగా ఉంది. జయరాములు వైపు తిరిగి, ఆ వరస ఇంకొకసారి చెప్పమన్నాడు. జయరాములు చెప్పాడు. ఆయన దాన్ని తన పుస్తకంతో సరిచూసుకున్నాడు కాబోలు, కాసేపటికి ఒక చిన్న నవ్వులాంటిది వచ్చింది. ఏడుపు అయినా కావచ్చు, గుడ్డ కింద ఉన్నవాడికి ఎట్లా తెలుస్తుంది.

పచ్చయమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. డాక్టరు ఆమెను లోపలికి పిలిచి సూది ఇచ్చాడు. తన చెయ్యి మళ్ళీ పాత వరసలోనే పోతుందని ఆయనకు భయం పట్టుకుంది.

"నీ ఇష్టమొచ్చిన చోట గుచ్చమ్మా. వరస పెట్టొద్దు."

"ఎంత లోతుకయ్యా?"

"తెలిసేంత."

"ఆయనకు తెలవదు కదా."

"మెల్లగా గుచ్చు తల్లీ" అన్నాడు డాక్టరు తొందరగా.

పచ్చయమ్మ మొదలుపెట్టింది. ఈమె చేతికి లెక్క లేదు. జయరాములు మొదట అలవాటు కొద్దీ పది లెక్కపెట్టబోయాడు, మూడో దగ్గరే గడి చెడింది. చీకట్లో గుంత లోపల కాళ్ళు వేలాడేసి, కింద నేల ఉందో లేదో తెలియనట్టు పడుకున్నాడు. తెలవలేదు. తెలవలేదు. తెలవలేదు. అడగకపోయినా ప్రతిసారీ చెబుతున్నాడు. కుడికాలంతా పోయింది. ఎడమ పాదం, పిక్క, మోకాలు పోయాయి. తొడ మీదికి వచ్చేసరికి చెమటతో కళ్ళగుడ్డ తడిసింది.

అప్పుడు ఎక్కడో, చాలా దూరంగా, గోడ అవతల ఎవరో తలుపు తట్టినట్టు.

"ఆగు" అన్నాడు. ఇది గడి లెక్కా, నిజమా? తన నోరు మళ్ళీ తనను మోసం చేస్తోందా? "ఇంకోసారి."

ఏమీ లేదు. మళ్ళీ ఏమీ లేదు. మళ్ళీ ఆ తట్టడం.

"సూది" అన్నాడు.  "సూదేనా పచ్చా? నువ్వు గుచ్చినావా?"

"గుచ్చినా" అంది ఆమె.

డాక్టరు వంగి చూశాడు. ఎడమ తొడ మీద మొదటి రోజు గీసిన ఊదా గీత స్నానాలకు మాసి నీడలాగా మిగిలింది. పచ్చయమ్మ గుచ్చిన చోటు దానికి అంగుళమున్నర కింద ఉంది. వచ్చి నలభై రోజులైంది. లోపలి నరం పోగు దాని పద్ధతిలో అది పెరుగుతూనే ఉంది. లెక్క అప్పజెప్పే తొందరలో ఆ కాలి యజమాని ఒక్కరోజు కూడా దాన్ని పలకరించలేదు. కుడి తొడ మీద పాత గీత పాత చోటే ఉంది.

ఆపరేషన్ సంగతి జయరాములే అడిగాడు, ఆ ప్రశ్న అడగడానికి అతనికి మూడు గుక్కల నీళ్ళు కావలసి వచ్చింది. డాక్టరు అబద్ధం చెప్పలేదు.

"నాకు తెలవదు. మొన్నటి దాకా తెలుసుననుకుంటి. ఎడమ గీత దిగుతా ఉంటే కోయను. ఆగిపోతే, కుడి కూడా రాకుంటే, అప్పుడు తెరవాల్సి వస్తాది. రోజూ పచ్చయమ్మో, పంకజమ్మో గుచ్చుతారు. నువ్వు నిజం చెప్పాల."

అంటే ఇక ప్రతి ఉదయం తన వీపును తన నోటితోనే కత్తికి దగ్గరో దూరమో చేసుకోవాలి. అబద్ధం చెప్పిన రోజుల కంటే ఆ రోజులు ఎక్కువ భయంగా గడిచాయి.

డాక్టరు ఆ పన్నెండు పేజీలను తపాలాలో వేయకుండా దాచుకున్నాడు. మొదటి పేజీ మీద ఎర్రసిరాతో అడ్డంగా ఒక మాట రాశాడని, అది తన తప్పు గురించే తప్ప నేతగాడి గురించి కాదని పంకజమ్మ తర్వాత చెప్పింది.

జయరాములు ఆ ఆసుపత్రిలో పదకొండు నెలలు ఉన్నాడు. వీపు తెరవలేదు. ఎడమకాలు మెల్లగా వచ్చింది, పాదం తప్ప. కుడికాలు కర్రలాగే ఉండిపోయింది. చంకకర్రలతో ఇంటికి వచ్చి, గుంతలోకి దిగలేక, అరుగు మీద కూర్చుని కండెలు చుట్టాడు, కొత్తవాళ్ళకు గళ్ళు కట్టడం నేర్పాడు. పచ్చయమ్మ మగ్గం మీద కూర్చుంది, అతనికంటే బాగా నేసింది కూడా. ఉడుత సంగతి తనే అందరికీ చెప్పేవాడు. టీకాల ఉద్యోగి వస్తే మాత్రం చివరి దాకా దాక్కోవాలనే చూశాడు, అటక ఎక్కలేక దొరికిపోయేవాడు. మునియప్పన్ మడమ మానింది. కాళ్ళు రాలేదు. మరో ఏడాది బతికాడు.

అవన్నీ తర్వాతి సంగతులు. సంచులు విప్పిన రోజు నుంచి మునియప్పన్ జయరాములుతో మాట్లాడలేదు. జ్వరం దిగింది, గంజి తాగాడు, మారితో పంకజమ్మతో ఎగతాళులు ఆడాడు, ఈ పక్కకు మాత్రం తల తిప్పలేదు. జయరాములు రెండుసార్లు క్షమించమని అడగబోయి, నోరు తెరిచి, దగ్గి ఊరుకున్నాడు. తిట్టినా బాగుండేది. అంత దగ్గరగా రెండు మంచాలు, మధ్యలో పాలారు అంత ఎడం.

తొమ్మిది రోజులు అట్లా పోయింది. పదో రోజు పొద్దున పంకజమ్మ జయరాములును గుచ్చి, పెన్సిలుతో గీసి, పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది. జయరాములు పైకప్పు చూస్తూ పడుకున్నాడు.

"యాడ దాకా వచ్చినాది?"

మునియప్పన్ గొంతు. తల ఇటు తిప్పలేదు, అతనూ పైకప్పే చూస్తున్నాడు. జయరాములుకు ఒక్క క్షణం, కొంచెం దిగిందని చెబుదామా అనిపించింది, ఆ మనిషికి ఆశగా ఉంటుందని. మరుక్షణం, అసలు దిగలేదని చెబుదామా, ఈర్ష్య లేకుండా ఉంటుందని. అతని నోరు ఆ రెండింటి మధ్యా కాసేపు తడుముకుంది.

"నిన్న ఉండిన చోటనే ఉండాది" అన్నాడు. అదే నిజం. నాలుగు రోజులుగా ఆ గీత కదలలేదు. "నాలుగు దినాలుగా ఆడనే ఉండాది."

"కోస్తారా?"

"ఆగిపోతే కోస్తారంట."

మునియప్పన్ తల మెల్లగా ఇటు తిరిగింది. జ్వరానికి బుగ్గలు పీక్కుపోయాయి. 

"భయంగా ఉండాదా?"

"ఉండాది."

"నాకు కూడా" అన్నాడు మునియప్పన్. "ఆరు నెలలుగా అప్పా, ఎవరూ అడగలే." మళ్ళీ పైకప్పు వైపు తిరిగి, గంజి ఇంకా రాలేదని, ఇద్దరి గంజీ ఒకేసారి తెమ్మని పంకజమ్మ కోసం కేకేశాడు.